పుస్తకం పట్టుకున్న మనిషి

నా కంట్లో చుక్కలు వేసేది మా మనవరాలు. పొద్దున ఏడింటికి ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి. కంట్లో ఒత్తిడి పెరిగిందనీ, బతికున్నన్నాళ్ళూ ఈ మందు మానకూడదనీ కంటి డాక్టరు చెప్పాడు. నా చెయ్యి వణుకుతుంది కనక సీసా నేను పట్టుకుంటే చుక్క చెంప మీద పడుతుంది, లేకపోతే చెవిలోకి పోతుంది. చుక్క పడ్డాక కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన వేలితో నొక్కిపట్టి, ఐదు నిమిషాలు కదలకుండా పడుకోవాలి. ఆ ఐదు నిమిషాలూ గడియారం చూస్తూ కూచోవడం ఎందుకని అది పాట పాడుతుంది. సరిగ్గా ఐదు నిమిషాలు పట్టే పాట ఒకటి ఏరి పెట్టుకుంది. పాట అయిపోగానే "లే నాయనమ్మా, తెర పడింది" అంటుంది.

దాన్ని నేను బొంగరం అని పిలుస్తాను. కాలు ఒకచోట నిలవదు. పదిహేడు నిండాయి. పాటా, ఆటా, మాటా మూడూ కలిసిన నాటకం చదువుకుంటానని పట్టుపట్టింది. మ్యూజికల్ థియేటర్ అంటారట దాన్ని. మా అబ్బాయి మొదట నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు, ఆ తర్వాత "సరే, డిగ్రీ అంటూ చేతికొస్తే చాలు" అని దిగొచ్చాడు. దిగొచ్చినవాడు ఆఖరి మెట్టు మీద ఆగిపోయాడు. ఆ చదివేదేదో ఇంట్లో ఉండి చదవాలన్నాడు.

రెండు చోట్ల సీటొచ్చింది. ఒక కాలేజీ మా ఇంటి నుంచి బస్సులో అరగంట. రెండోదానికి రైల్లో ఒక రాత్రీ, మర్నాడు మధ్యాహ్నం దాకానూ. ఎక్కడ చేరేదీ శుక్రవారంలోగా చెప్పాలి. సోమవారం పొద్దున మా అబ్బాయి ఆఫీసుకి వెళ్తూ, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, నా మొహం చూడకుండా అన్నాడు. "అమ్మా, ఇక్కడి కాలేజీకి ఏమొచ్చింది? అందులోనూ పాటుంది, నాటకముంది. అది వెళ్ళిపోతే నీ చుక్కలెవరు వేస్తారు? నువ్వు చెప్తే వింటుంది. 'ఉండిపోవే' అని ఒక్క మాట అను, చాలు."

ఆ మాట వాడు నాకు అందించనక్కర్లేదు. అప్పటికే నా నోటి చివర ఉంది. మనుషులు గడప దాటితే నాకు భయం. ఎవరైనా బయటికి వెళ్తుంటే వాళ్ళ వీపు వంక చూడలేను, వంటింట్లోకి వెళ్ళి ఏదో ఒక మూత తీసి పెడుతుంటాను. సాయంత్రం అందరూ ఇంటికి చేరేదాకా గేటు చప్పుళ్ళు లెక్కపెడతాను. మూడు చప్పుళ్ళు వినపడాలి. బొంగరం వెళ్ళిపోతే రెండే వినపడతాయి. ఆ రెండో చప్పుడు తర్వాత నేను ఏం చేస్తూ కూచోవాలి?

మా కోడలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. రోజంతా నిలబడే ఉద్యోగం. ఆ సాయంత్రం ఆమె గిన్నెలు కడుగుతుంటే నేను తుడిచి పెడుతూ "నువ్వేమంటావమ్మా?" అనడిగాను. ఆమె కుళాయి కట్టేసింది. "నేనేమీ అనను అత్తయ్యా. వెళ్ళమంటే పిల్లని దూరంగా తోలేసిన తల్లినవుతాను. ఉండమంటే దాని రెక్కలు కట్టేసిన తల్లినవుతాను. నిజం చెప్పమంటారా? అది వెళ్ళాలనే ఉంది నాకు. వెళ్తే మీ చుక్కలూ, బట్టలు మడవడాలూ, మిమ్మల్ని ఆస్పత్రికి తిప్పడాలూ అన్నీ నా మీద పడతాయనే దిగులు కూడా ఉంది. రెండూ ఉన్నాయి." అని నా వైపు తిరిగి "ఏమీ అనుకోలేదుగా?" అంది. లేదన్నాను. మా ఇంట్లో ఆ వారమంతా నాకు వినిపించిన నిజం అదొక్కటే. ఒక ఆడమనిషి చేతిలోంచి జారిన పని ఇంకో ఆడమనిషి ఒళ్ళో పడుతుందని ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. మధ్యలో సోఫాలో కూచున్నవాడి ఒళ్ళు మాకిద్దరికీ గుర్తురాలేదు.

నాటకమంటే నాకు తెలియని సంగతి కాదు. మా ఆయన పాటల నాటకాల కంపెనీ నడిపేవాడు. హీరో ఆయనే. పెళ్ళయిన రెండో నెల్లో నన్ను తెర పక్కన స్టూలు మీద కూచోబెట్టి, చేతిలో నాటకం పుస్తకం పెట్టాడు. మాట మరిచిపోయినవాళ్ళకి అందించడం నా పని. నాకప్పటికి చదవడం రాదు. ఆ సంగతి చెప్పడానికి సిగ్గేసింది. రిహార్సళ్ళలో విని నాటకం మొత్తం కంఠతా పట్టేశాను. పుస్తకం ఊరికే పట్టుకుని పేజీలు తిప్పేదాన్ని. ఏ పేజీలో ఏ మాట పలుకుతున్నారో చెవికి తెలుసు కనక, అది ఎలా ఉంటుందో కంటికి నెమ్మదిగా తెలిసింది. రెండేళ్ళు తిరిగేసరికి పొట్లం కట్టిన కాగితాలు కూడా విప్పి చదివేదాన్ని. నాకు చదువు అలా వచ్చింది, చీకట్లో, ఎవరికీ తెలియకుండా.

"నీ గొంతు నాకు వినపడాలి. మూడో మనిషికి వినపడకూడదు" అనేవాడు ఆయన. ఆ పనికి అది న్యాయమైన మాటే. కానీ తెర దిగాక కూడా ఆ మాట నా మీంచి దిగలేదు. ఇంట్లోనూ గుసగుసే. మా అబ్బాయిని నిద్రపుచ్చింది కూడా గుసగుసతోనే. పుస్తకం పట్టుకోవడంతో పాటు వేషాల బట్టలు ఉతకడం, చిరుగులు కుట్టడం, పదకొండు మందికి వండి పెట్టడం. వాల్‌పోస్టరు మీద వాయిద్యాలవాళ్ళ పేర్లు కూడా ఉండేవి. నా పేరు వెయ్యవా అని ఒకసారి అడిగాను. "నీ పేరెందుకే పిచ్చిదానా, నువ్వు నా మనిషివేగా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అందుకే దానికి జవాబు వెతకడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

హీరోయిన్ వేషం వేసే అమ్మాయిని మేం గంట అని పిలిచేవాళ్ళం, గొంతు అలాంటిది. ఒకసారి ఆమెకి జ్వరమొచ్చింది. ఆ వేషం పాటలతో సహా నాకొచ్చు. ఎక్కుతానని అడిగాను. "నువ్వెక్కితే పుస్తకం ఎవరు పట్టుకుంటారు?" అన్నాడాయన. ఆ పూట ఆట ఆపేశారు గాని నన్ను ఎక్కనివ్వలేదు. మరుసటేడు గంట వేరే కంపెనీకి పోతూ, బస్సు కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. "వదినా, వచ్చెయ్. అక్కడ నీకు వేషముంది. నేను మాట్లాడి పెట్టాను" అంది. నేనేమన్నానో తెలుసా? "నేనొస్తే పుస్తకం ఎవరు పట్టుకుంటారే?" అన్నాను. ఆయన మాట, నా నోటితో, ఎవరూ అందించకుండానే. బస్సు కదిలింది. ఆమె వేళ్ళు నా వేళ్ళలోంచి ఒక్కొక్కటే జారాయి. ఇప్పటికీ వెళ్ళిపోయే బస్సుని చూస్తే నా పిడికిలి దానంతటదే ముడుచుకుంటుంది.

రెండు కాలేజీల పుస్తకాలూ భూతద్దం పెట్టుకుని చదివాను. నాలాగా చదువు నేర్చుకున్నవాళ్ళు అక్షరం వదలరు. దగ్గరి కాలేజీ పుస్తకం నునుపుగా, బరువుగా ఉంది. చదివితే తేలిందేమిటంటే, అక్కడ పాట ఒక శాఖ, నాటకం ఇంకొక శాఖ. ఈ శాఖలో మూడు పేపర్లు, ఆ శాఖలో మూడు పేపర్లు రాయాలి. డాన్సు కావలసినవాళ్ళకి శనివారాలు నేర్పుతారు. స్టేజీ ఎక్కేది మూడో ఏడాది చివర, అదీ ఎంపికైనవాళ్ళు మాత్రమే. పన్నెండు ఫొటోలున్నాయి. భవనం, ప్రిన్సిపాలు, గార్డెను, కంప్యూటర్లు. పన్నెండింటిలోనూ నోరు తెరిచి ఉన్న పిల్ల ఒక్కతీ లేదు. "పాట నేర్పే చోట ఇంత నిశ్శబ్దమేమిటే?" అంటే బొంగరం పడీపడీ నవ్వింది.

దూరం కాలేజీది పల్చని పుస్తకం. అచ్చు కూడా మసకగా ఉంది. అక్కడ పాడే పిల్లలే ఆడతారు, ఆడే పిల్లలే మాట్లాడతారు. పొద్దున్నే గొంతు సాధన, తర్వాత ఒళ్ళు సాధన, మధ్యాహ్నం రిహార్సలు. ప్రతి ఆర్నెల్లకీ ఒక నాటకం, అందులో ప్రతి ఒక్కరికీ వేషం. పంతొమ్మిదో పేజీలో ఇంకొక సంగతి ఉంది. రెండో ఏడు ప్రతి విద్యార్థీ ఒక నాటకానికి తెర వెనక పనిచెయ్యాలి. లైట్లు, దుస్తులు, ప్రాంప్టింగ్. ఒక్కొక్కదానికి నాలుగు క్రెడిట్లు.

"క్రెడిట్ అంటే ఏమిటే?"

"మార్కుల్లాంటివి నాయనమ్మా. అది కూడా చదువు కిందే లెక్క."

"మాట అందించడానికా?"

"ఆఁ. దానికో టీచరుంటారు, పాఠం ఉంటుంది."

భూతద్దం కింద ఆ వాక్యం పెద్దగా, ఒంకరగా కనిపిస్తోంది. మళ్ళీ చదివాను. "బట్టలు కుట్టడానికి కూడా నాలుగేనా?" అన్నాను. నాలుగే అంది. "వంటకో?" "దానికి ఎక్కడా ఇవ్వరు నాయనమ్మా" అంది బొంగరం. ఇద్దరం నవ్వాం. నేను నవ్వు ఆపాక కూడా చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు.

ఆ కాలేజీవాళ్ళు సీటివ్వడానికి ముందు మా ఊళ్ళోనే ఒక స్కూలు హాల్లో పరీక్ష పెట్టారు. దానికి బొంగరంతో వెళ్ళింది నేనే. అలవాటు కొద్దీ స్టేజీ పక్కన, తెర మడతల దగ్గర కుర్చీ లాక్కుని కూచున్నాను. అమ్మని వదిలి ఇల్లు దాటే కూతురి ఘట్టం చేసింది బొంగరం. పాట అయింది, మాట మొదలవ్వాలి. బొంగరం ఆగింది. ఒక్క క్షణం, రెండు క్షణాలు. నా నోరు నా మాట వినలేదు. "నేను వెళ్ళొస్తానమ్మా" అని అందించేశాను.

హాలంతా వినపడింది. పరీక్ష పెట్టే పొట్టి జుట్టు టీచరమ్మ తల తిప్పి నన్ను చూసింది. తర్వాత బొంగరాన్ని అడిగింది. "మరిచిపోయావా?"

"లేదు మేడం. ఆగాను."

"ఎందుకు?"

"ఆ అమ్మాయికి అక్కడ మాట రాదు మేడం. అందుకని."

మళ్ళీ చెయ్యమంది. ఈసారి నేను చీర చెంగు నోట్లో కుక్కుకుని కూచున్నాను. వచ్చేటప్పుడు బస్సులో బొంగరం నా భుజం మీద తల పెట్టి, కోపంగా కాదు గాని, కచ్చితంగా అంది. "నేను ఆగితే ఆగనివ్వు నాయనమ్మా." నలభై ఏళ్ళు ఆ పని చేసిన నాకు మరిచిపోవడానికీ ఆగడానికీ తేడా తెలియలేదని ఒప్పుకోవడం కష్టంగా అనిపించింది. నిజానికి తేడా తెలుసు. మరిచిపోయినవాళ్ళకి ఊపిరి గొంతులో చిక్కుకుంటుంది, భుజాలు లేస్తాయి, చూపు తెర పక్కకి పరిగెడుతుంది. ఆగినవాళ్ళకి ఊపిరి కడుపులోకి దిగుతుంది, చూపు కదలదు. తెలిసీ కంగారుపడ్డాను. కంగారుపడి ఎంతమంది మాటలు ముందే లాగేసుకున్నానో.

శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి టేబుల్ చుట్టూ నలుగురం టీ తాగుతున్నాం. మా అబ్బాయి కప్పు దించి అడిగాడు. "ఊఁ, ఏం తేల్చుకున్నావ్?"

బొంగరం నోరు తెరిచింది. ఆగింది.

మా అబ్బాయి నా వైపు చూశాడు. కనుబొమ కొద్దిగా ఎత్తి, పక్క నుంచి. అచ్చు వాళ్ళ నాన్న చూపు. మాట తప్పినప్పుడు ఆయన స్టేజీ మీంచి నా వైపు అలాగే చూసేవాడు. ఆ చూపు పడితే నా పెదవులు వాటంతటవే కదులుతాయి. 'ఉండిపోవే.' నాలుగంటే నాలుగు అక్షరాలు. అంటే ఉండిపోతుంది, నాకు తెలుసు. రోజూ మూడు గేటు చప్పుళ్ళు. రోజూ రెండుసార్లు పాట. నేనున్నన్నాళ్ళూ.

నేను మా అబ్బాయిని చూడటం మానేసి బొంగరాన్ని చూశాను. భుజాలు లేవలేదు. ఊపిరి కడుపులోకి దిగింది. చూపు కదల్లేదు.

పెదవులు బిగబట్టాను.

"దూరం కాలేజీకే వెళ్తాను నాన్నా" అంది బొంగరం.

"మరి నాయనమ్మ చుక్కలో?" అన్నాడు వాడు. ఆ ప్రశ్న నన్ను అడగలేదు, పెళ్ళాం వైపు తిరిగి అడిగాడు. మా కోడలు కప్పులు ఎత్తుతున్నదల్లా ఆగి, అలవాటైన మాట అనడానికి నోరు తెరిచింది.

"నువ్వాగమ్మా" అన్నాను కోడలితో. ఆ తర్వాత వాడి వైపు తిరిగాను. "నువ్వు వేస్తావురా."

"నేనా? నాకలాంటివి చేతకాదమ్మా."

"ఆరింటికల్లా ఇంట్లో ఉంటావు. రెండు చేతులూ ఉన్నాయి."

"అది కాదమ్మా, కన్ను కదా, ఎక్కడైనా తగిలితే? నాకు రాదు."

"రాకపోతే నేనందిస్తాను. మీ నాన్నకి నలభై ఏళ్ళు పుస్తకం పట్టుకున్నాను. నువ్వు నాకు సీసా పట్టుకో."

మా కోడలు కప్పులు మళ్ళీ టేబుల్ మీద పెట్టేసి, మెల్లగా కుర్చీలో కూచుంది. అలా ఊరికే కూచోగా ఆమెని నేనెప్పుడూ చూడలేదు.

ఏడయింది. నా మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. మా అబ్బాయి సీసా పట్టుకుని నా మీదికి వంగాడు. సీసా మరీ ఎత్తులో పట్టుకున్నాడు. మొదటి చుక్క ముక్కు మీద పడింది. "కింది రెప్ప లాగు" అన్నాను. "తొందరపడకు. ఇప్పుడు." రెండోది సరిగ్గా పడింది. రెండో కంట్లో కూడా పడింది. కళ్ళు మూసుకుని వేలితో నొక్కిపట్టాను. నాకు భయం పోలేదు. వచ్చే నెల ఆ పిల్ల పెట్టె పట్టుకుని గడప దాటుతుంది, నేనీసారి వంటింట్లోకి పోకూడదు, గేటు దాకా వెళ్ళి వీపు కనపడినంతసేపూ చూడాలి. అది చెయ్యగలనో లేదో.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు వాడు.

"ఐదు నిమిషాలు కూచో."

గుమ్మం దగ్గర బొంగరం గొంతు సవరించుకుంది, రోజూలాగే. "నువ్వొద్దే" అన్నాను. "నీ పెట్టెలో ఏమేం పెట్టుకోవాలో రాసుకో, పో."

ఊపిరి కడుపులోకి దింపి, గంట వేషం పాట ఎత్తుకున్నాను. మొదటి చరణం బొంగురుగా వచ్చింది. రెండోది కుదురుకుంది. గదికీ, వరండాకీ, గేటు అవతల నడిచేవాళ్ళకీ వినపడేట్టు పాడాను. మంచం పక్కన కుర్చీ కిర్రుమంది.

"అమ్మా," అన్నాడు మా అబ్బాయి, "నీకు పాటలొచ్చా?"

నేను తర్వాతి చరణం ఎత్తుకున్నాను. పాట మధ్యలో ఎవరు మాట్లాడినా ఆపకూడదు.