జలపాతం అడుగున

బెంగాల్లో గంగకి దగ్గర్లో ఉన్న టికియాపారా రైల్వే క్వార్టర్లలో పొద్దున్న ఆరింటికి కుళాయి వస్తుంది. రమాకుమారి బకెట్టు పట్టుకుని దగ్గరికి వెళ్లగానే ధార ఆగిపోతుంది. మూడేళ్లుగా ఇదే వరస. వాడలో అందరికీ అలవాటైపోయింది.

"వదినా, నువ్వలాగ జరుగు. నీ బకెట్టు నాను పడతాను," అంటుంది పక్కింటి హైమ. రమాకుమారి నాలుగడుగులు జరిగితే నీళ్లు మళ్లీ వస్తాయి.

మూడేళ్ల కిందట దుర్గ నిమజ్జనం నాడు, ఆమె పన్నెండేళ్ల కూతురు శ్రీవల్లి ఘాట్ మెట్ల మీద జారి గంగలో పడింది. పోటు మీదున్న నది పిల్లని తీసుకుపోయింది, తిరిగివ్వలేదు. ఆ రోజు ఆగని నీళ్లు మర్నాటి నుంచి తల్లిని చూస్తే ఆగడం మొదలుపెట్టాయి. ఇంత కసాయితనం నీళ్లకే చెల్లింది.

వారానికోసారి ఆమె వెళ్లి గంగలో దిగేది. నది నాలుగు మెట్ల మేర వెనక్కి తగ్గేది, బురద బయటపడేది, అంతే.

"అడుగంతా బయటపడితే పిల్ల దొరుకుతాది," అనేది.

"దొరుకుతాదిలే," అనేవాడు భర్త నరసింహం. రైల్వే షెడ్డులో ఫిట్టరు. అబద్ధమని అతనికి తెలుసు. ఆ మాట అనకపోతే ఆమె అన్నం ముట్టదనీ తెలుసు.

ఈ మే నెల ఎండకి రమాకుమారి శోషొచ్చి పడిపోయింది. నాలుగు రోజులు చల్లటి కొండల్లో తిప్పుదామని అతను రైల్వే పాసుకి పెట్టాడు. శవం దొరకలేదు గనక డెత్ సర్టిఫికెట్టు లేదు. అది లేదు గనక ఆఫీసు కాగితాల్లో శ్రీవల్లి బతికే ఉంది. గుమాస్తా మూడు పేర్లతో పాసు రాసిచ్చాడు. నరసింహానికి దిద్దించడానికి చేతులు రాలేదు. రైల్లో మూడో బెర్తు మీద రమాకుమారి దుప్పటి పరిచి దిండు వేసింది. మూడో మనిషేదని టీటీ అడిగితే, వస్తోందని చెప్పింది.

"కొండల్లో పెద్ద జలపాతం ఉందట గదండీ. దాన్నాపితే గంగనీ ఆపలేనేటి?" అంది.

కొండ మీద కర్సియాంగ్ ఊరు దాటాక జలపాతం దగ్గర జీపు దిగారు. మంచులా చల్లటి తుంపర, ఆ తుంపరలో మే నెలలోనూ మంకీ టోపీలు దిగేసుకుని మొమోలు తింటున్న బెంగాలీ బాబులు. రమాకుమారి చెప్పులు విడిచి మడుగు వైపు నడిచింది. జలపాతం ఆగింది.

"దీదీకి పనున్నట్టుంది," అని టోపీలవాళ్లు ఫోన్లు జేబుల్లో పెట్టుకుని బెంచీల మీద కూర్చున్నారు.

మడుగులో నీళ్లు కిందికి జారిపోయాయి. ఆమె దిగి రాళ్లు ఒక్కొక్కటే తిరగేసింది. పిల్ల ఇక్కడ ఎందుకుంటుందని నరసింహం అడగలేదు. అతనూ దిగి తిరగేశాడు. మధ్యాహ్నం దాటింది. ఆమె వేళ్లు చితికి నెత్తురొచ్చింది. ఆఖరి రాయి కిందా ఇసకే.

"అడుగంతా సూసేసినాం. ఏటీ లేదు," అంది.

"లేదు."

"గంగలో అయినా ఇంతేనేటండీ?"

దొరుకుతాదిలే అన్న పాత మాట అతని నోటిదాకా వచ్చింది. ఆ వేళ్లు చూశాక అనలేకపోయాడు.

"అంతే రమా. పిల్ల లేదు. ఎక్కడా లేదు."

ఆమె ఆఖరి రాయిని మళ్లీ ఇసక మీద పెట్టింది. తర్వాత తలూపింది. అప్పుడు పైనుంచి నీళ్లు వచ్చి ఆమె మీద పడ్డాయి. నరసింహం ఆమె భుజం పట్టుకుని గట్టుకి లాక్కొచ్చాడు. మూడేళ్లకి పారే నీళ్లలో తడిసిన మనిషి గజగజ వణికిపోతోంది.

"నీళ్లు ఇంత సల్లగుంటాయని మరిసిపోనానండీ," అంది. "పిల్లకెంత సలేసిందో."