డింప్నా కారులో చిన్న రేడియో

ఫింటన్ కొట్లో బల్ల మీద రెండు రేడియోలు, మైకులో మాట్లాడి అవతలివాళ్ళని పిలిచేవి, పక్కపక్కన ఉన్నాయి. ఒకటి రొట్టెల డబ్బా అంత ఉంది. దాని ముఖాన రెండు ముళ్ళ మీటర్లు, ఒక వరస మీటలు, చుట్టూ తళతళలాడే అంచు. రెండోది అరచేతిలో ఇమిడిపోయేది. మలాకీ కళ్ళు మొదటిదాన్ని వదలడం లేదు. అతని భార్య డింప్నా మాత్రం రెండోదాన్ని తీసుకుని సబ్బు బిళ్ళను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"అది పిల్లల బొమ్మ. కొండ అవతల నుంచి పిలిచావంటే దోమ పాడినట్టు వినిపిస్తావు," అన్నాడు మలాకీ.

"రెండిటి బలమూ ఒకటేనయ్యా. మాట ఎంత దూరం పోతుందో తేల్చేది కారు మీద పెట్టే ఏరియల్ కడ్డీ. పెట్టె కాదు," అన్నాడు ఫింటన్.

"మరి ఈ మీటర్లన్నీ ఎందుకోయ్?"

"నీలాంటివాళ్ళు కొనడానికి."

డింప్నా నవ్వి, పెద్ద రేడియోని మొగుడి చేతుల్లో పెట్టి, బయట ఆగిన నీలం రెనో దగ్గరికి నడిపించింది. కారు వెనక భాగమంతా తల ఆరబెట్టే యంత్రం, బేసిన్లు, తువ్వాళ్ళు, సీసాలు. "ఎక్కడ పెడతావో పెట్టు, చూస్తాను," అంది.

మలాకీ వంగి, డాష్‌బోర్డు కింద పెట్టి చూశాడు. ఆ కారుకి గేరు కర్ర డాష్‌బోర్డులోంచే బయటికొస్తుంది. పెట్టె అడ్డం తగిలి రెండో గేరు పడలేదు. పక్కకి జరిపితే పక్క సీట్లో కూర్చునేవాళ్ళ మోకాళ్ళకి తగిలేలా ఉంది. చివరికి ఆ సీట్లో తనే కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బాగుంది. రోజూ ఇలాగే పట్టుకుని కూర్చో. జీతం మాత్రం అడక్కు," అంది డింప్నా.

అలా చిన్న రేడియోనే ఇంటికొచ్చింది.

ఆ కొండ ఊళ్ళలో టెలిఫోన్‌కి దరఖాస్తు పెట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూనే ఉన్నారు. ఈలోగా ఇంటింటా వంటగది కిటికీలో ఒక రేడియో వచ్చి కూర్చుంది. అది చూసే డింప్నా పట్నంలో మిసెస్ కఫీ సెలూన్‌లో పని వదిలేసింది. బస్సెక్కి పట్నం పోలేని ఆడవాళ్ళు రేడియోలో పిలిస్తే, తనే కారులో వెళ్ళి వాళ్ళ వంటింట్లోనే జుట్టు కత్తిరించి, చుట్టి, రంగు వేసి వస్తుంది. మిసెస్ కఫీ కోప్పడలేదు. "నెలాఖరు దాకా నీ కోటు కొక్కెం ఖాళీగానే ఉంచుతాను," అంది. ఆ మాట డింప్నాకి కోపం కంటే ఎక్కువ గుచ్చుకుంది. ఆ కొక్కేనికి మళ్ళీ కోటు తగిలించుకునే రోజు రాకూడదన్నదే ఆమె ఆశ. మలాకీకీ అదే ఆశ, పైకి చెప్పకపోయినా.

మూతి ముడుచుకునే అయినా రేడియోని అతనే బిగించాడు. వానలో కారు కప్పు మీద బోర్లా పడుకుని ఏరియల్ సరిచేశాడు. మైకు తగిలించే కొక్కేన్ని మాత్రం తర్వాత చూద్దాంలే అని వదిలేశాడు.

రేడియోలో ఎవరూ అసలు పేరు చెప్పరు. మలాకీ అక్కడ 'పాత గేటు'. డింప్నా 'దువ్వెన' అని పెట్టుకుంది. ఆ పేరు ఊరూరా చెప్పినా ఒక్క ఆడమనిషీ పిలవలేదు. ఛానల్ నిండా పీట్, అంటే పొయ్యిలో కాల్చే ఎండు మట్టి, తోలే లారీల మగవాళ్ళే. అందరూ వింటుంటే తన నెరిసిన జుట్టు సంగతి ఏ ఆడది మాట్లాడుతుంది? చర్చి దగ్గర ముఖాముఖి అడిగిన ఊనా ఒక్కతే మొదటి బేరం. సోమవారం ఆమెను కారెక్కించుకుని, కొండ అవతల ఆమె చెల్లెలింట్లో జుట్టు పని చేయాలి.

సోమవారం పొద్దున మలాకీ పాలు పితికి వచ్చి, టీ పోసుకుని, రొట్టెకి వెన్న రాస్తున్నాడు. కిటికీలో రేడియో గరగరమంది. ఇంజను మూలుగు, ఆ వెనకే డింప్నా గొంతు. గంట కొట్టినంత స్పష్టంగా ఉంది. అతనికి పట్టరాని సంతోషం వేసింది. జవాబివ్వబోయేంతలో ఇంకో గొంతు వినిపించింది.

"మీ ఆయనకి ఆ పెద్ద రేడియో కొనివ్వాల్సింది, పాపం," అంటోంది ఊనా.

"మూడు రోజులు అలిగాడు. అయినా ఆ ఏరియల్ కోసం వానలో ఒళ్ళంతా తడిశాడు. కొండ అవతల ఉన్నా నా మాట వినిపించాలని ఆయన ఆరాటం. ఇంట్లో ఉంటే మాత్రం సగం వినడు."

మలాకీ చెవులు వేడెక్కాయి. వెన్న కత్తి చేతిలోనే ఉండిపోయింది. ఆమె తనతో మాట్లాడటం లేదు. మలుపులో ఏ బేసినో జారి సీటు మీది మైకు మీద పడి ఉంటుంది. మీట నొక్కుకుపోయింది. కారులో మాటలు కొండంతా వినిపిస్తున్నాయి.

"నీ నోరు దాటకూడదు డింప్నా, నీకొక మాట చెప్తాను," అంది ఊనా.

"డింప్నా! మైకు!" అని మలాకీ తన మైకులో అరిచాడు. లాభం లేదు. మీట నొక్కి ఉన్నంతసేపూ ఆ రేడియోకి నోరే తప్ప చెవులుండవు. ఊనా గుట్టు ఇలా రచ్చకెక్కిందంటే ఇక డింప్నా ముందు తల వంచే ఆడది ఉండదు. నెలాఖరు దాకా ఆగక్కర్లేదు, రేపే కోటు తీసుకుని పట్నం బస్సెక్కొచ్చు.

అతను గబగబా ఛానల్ మార్చాడు. కొండ మీది జనంలో సగం మంది అప్పటికే అక్కడున్నారు. ఎవరి మైకైనా ఇలా ఇరుక్కుంటే, మర్యాదున్నవాళ్ళు పక్క ఛానల్‌కి తప్పుకుంటారు.

"వచ్చావా పాత గేటూ! నువ్వు తడిసిన కథ దాకా విని వచ్చేశాం," అన్నాడు ఓనీ. అతను పీట్ లారీ తోలుతాడు, రేడియోలో పేరు 'బూడిద కొంగ'.

"ఎక్కడున్నావు కొంగా? ఆ కారు ఆపాలి!"

"దిగువకి వస్తున్నాను. అదిగో, నీలం కారు ఎదురుగానే ఉంది."

మలాకీ మళ్ళీ పాత ఛానల్‌కి తిప్పాడు. వినాలని లేదు, కానీ ఆగిందో లేదో తెలియాలి.

"పాల కేంద్రం మేనేజరు లేడూ, ఆ సీమస్, ఆయనకి నా వయసు తగ్గించి..." అంటోంది ఊనా. లారీ హారను ఆ మాటను మింగేసింది. బ్రేకుల కీచుమనే చప్పుడు. ఓనీ గొంతు దూరంగా: "తల్లీ, నీ మైకు మీద ఏదో కూర్చుంది చూసుకో!"

టక్కుమని అంతా ఆగిపోయింది.

మలాకీ ఆమెను పిలవడానికి మైకు మీట మీద వేలు పెట్టాడు. ఈలోపే డింప్నా పిలిచింది. గొంతు సన్నగా ఉంది. "పాత గేటూ, ఎంత విన్నావు?"

"ఇంట్లో సగం విననని అన్నావే, అదంతా విన్నాను."

అటునుంచి ఏదో గుంజులాట, ఆ వెంటనే ఊనా గొంతు. బళ్ళో పంతులమ్మలా మాట్లాడుతోంది.

"ఇదిగో, ఎవరెంత విన్నారో నాకు తెలీదు. ఈ పిల్ల ముఖం సున్నం కొట్టినట్టయింది. ఇందులో తన తప్పేం లేదు. నా వయసు నలభై తొమ్మిది, నలభై మూడు కాదు. ఇవాళ జుట్టుకి రంగు వేయించుకోబోతున్నాను. ఎవరికైనా అభ్యంతరమా?"

గరగర మధ్య ఒక మగ గొంతు, ఆచితూచి, గొంతు సవరించుకుని: "నాకైతే ఏ అభ్యంతరమూ లేదు."

మలాకీ ఆ గొంతు గుర్తుపట్టాడు. పాల క్యాన్లు దింపేటప్పుడు తరచూ వినేదే. సీమస్ మర్యాదగా తప్పుకున్నవాళ్ళలో లేడన్నమాట.

"అయితే మంచిది," అంది ఊనా. ఆమె గొంతులో పంతులమ్మ పోయింది.

ఆ తర్వాత ఇంకో గొంతు, ఎప్పుడూ రేడియోలో వినని ఆడ గొంతు, తడబడుతూ వచ్చింది. "దువ్వెనా... మాది వంతెన దగ్గర తెల్ల ఇల్లు. గురువారం ఖాళీయేనా?"

"ఖాళీయే," అంది డింప్నా. ఆ ఒక్క మాటలోనే ఆమెకి ఊపిరి తిరిగిందని మలాకీకి తెలిసింది.

"రంగు వేసేటప్పుడు మాత్రం ఆ మైకు నా చేతిలో పెట్టాలమ్మా," అంది ఆ తెల్ల ఇంటావిడ.

"నీ చేతిలోనే పెడతాను."

"నాకు శుక్రవారం!" అని ఇంకెవరో అందుకున్నారు. ఒకరి మాట మీద ఒకరు పడుతున్నారు. మలాకీ చల్లారిన టీ పక్కకి నెట్టి, కిటికీ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అంతలో మధ్యలో దూరాడు ఓనీ. "పాత గేటూ, బూడిద కొంగని. మీ గడప దగ్గర పీట్ ఎప్పుడు దింపమంటావు?"

"తర్వాత రావోయ్," అన్నాడు మలాకీ. "ఛానల్ ఖాళీ లేదు. మా ఆవిడ పనిలో ఉంది."