కనకకి వేసిన పదిన్నర

మా అత్త ఈశ్వరమ్మకి రాగి జావ కాస్తుంటే, నా భర్త కామేష్ ఫోన్ తెచ్చి కళ్లముందు పెట్టాడు. "మీ సారు పరిశోధన అచ్చయింది చూడు. కొండల్లో గర్భిణుల రక్తహీనత సగానికి తగ్గిందట. ఇక ఆ పొడి అన్ని మండలాల్లోనూ పంచుతారట."

జావ అడుగంటకుండా కలుపుతూనే చదివాను. రెండేళ్లపాటు ఆ పనికి తిరిగింది నేనే. పాడేరు నుంచి జీపులో కొంత దూరం, ఆపైన నడక. గర్భిణుల వేలికి సూది గుచ్చి, రక్తం ఎంతుందో చూసి, రిజిస్టర్లో రాసి, ఇనుము కలిపిన పొడి ఇచ్చేదాన్ని. మొత్తం నూట నలభై మంది. వ్యాసంలో నూట తొమ్మిది మందే ఉన్నారు. వాంతులై పొడి మానేసిన ముప్పై ఒక్కరూ అసలు లేనట్టే మాయమయ్యారు.

వరహాలరావు సారుకి ఫోన్ చేశాను.

"మానేసినవాళ్లు లెక్కలోకి రారమ్మా రాజకుమారీ. అది స్టాటిస్టిక్స్, నీకు అర్థం కాదు. అన్నట్టు కొత్త ప్రాజెక్టు వస్తోంది, నీ పేరే అనుకుంటున్నాను."

"మానేశారని ఒక్క ముక్క రాస్తే చాలు కదండీ" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు.

నా రిజిస్టర్ల ఫోటోలు తీసి, జర్నల్ వాళ్లకి ఉత్తరం మొదలుపెట్టాను. కామేష్ నా భుజం మీదుగా చదివాడు. "ఆయన్ని బయటపెడితే నీ తొమ్మిదీ బయటపడతాయి. అప్పుడు దొంగ ఎవరు?"

నా తొమ్మిది. నిరుడు వానల్లో అత్త జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కామేష్ ఒక్కరోజు సెలవు పెట్టలేదు. "నాది ఉద్యోగం. నీదేముంది, వేలు పొడిచి అంకె వెయ్యడమే కదా. పోయిన నెల దానికి కాస్త కలిపి రాసెయ్" అన్నాడు. అత్త మంచం మీంచి, "నన్నొగ్గేసి నువ్వు కొండలెక్కితే నాకు నీల్లు ఎవులిస్తారే?" అంది. ఆమె బాధా అబద్ధం కాదు. దుప్పట్లు ఉతికి, ఆమె ఒళ్లు తుడిచి, ఆ మంచం పక్కనే కూర్చుని ఒక గూడెంలోని తొమ్మిది మందికి అంకెలు ఊహించి రాశాను. వాళ్లలో నెలలు నిండుతున్న కనకకి హిమోగ్లోబిన్ పదిన్నర అని వేశాను, అంటే పెద్ద భయం లేదని. పదిన్నర ఉన్న మనిషిని ఎవరు ముందుగా ఆసుపత్రికి పంపుతారు? నెల తిరక్కుండానే కనకకి ఇంటిదగ్గర కాన్పయింది. రక్తం ఆగలేదు. పాడేరు తెచ్చి ఎక్కించారు, బతికింది. బిడ్డ దక్కలేదు. ఆమెకి అంతకుముందు నిజంగా ఎంత ఉండేదో ఇక ఎవరికీ తెలియదు. వ్యాసంలో, గూడేలవారీ పట్టికలో, నా తొమ్మిది అంకెలూ మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఉత్తరం మొదటి పేరాలోనే ఆ సంగతి రాశాను. పంపే ముందు కనకకి చెప్పాలనిపించింది.

పొద్దున్నే బయల్దేరుతూ, "ఇవాళ అత్తయ్యని మీరు చూసుకోండి" అన్నాను.

"ఏటి, నేనా?"

"మీ అమ్మే కదండీ."

కనక వాకిట్లో కాఫీ గింజలు ఎండబోస్తోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. గింజలు పరుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"ఏలు సాపమన్నావక్కా, సాపినాం. మా నెత్తురు సూసి సెప్తావని కదా. సూడకుండా రాసేసినావా?"

"రాసేశాను."

మళ్లీ గింజలు పరవసాగింది. క్షమించమని అడగబోయి, అది కూడా ఆమె నుంచి తీసుకోవడమే అవుతుందని ఆగాను.

చివరికి అంది. "పిల్లలకి టీకాలేయించండని రేపెప్పుడైనా మా గూడెం రాకు. మంచి మందే అవనీ, నువ్వు సెప్తే ఎవులం నమ్మం. నీ ఉత్తరంలో ఇదీ రాయి."

కొండ దిగుతుంటే మలుపు దగ్గర సిగ్నల్ అందింది. బండ మీద కూర్చుని, కనక అన్న మాటల్ని ఒక్క అక్షరం దిద్దకుండా ఉత్తరం చివర చేర్చి, పంపించాను.