నల్లబల్ల మీద ఆరో గడి

నేను ఒక నల్లబల్లను. మామిడి చెక్కతో పుట్టాను. మంచమో పీటో కావలసినదాన్ని, వడ్రంగికి ఆ వారం దొరికింది బడి పని కావడంతో చదువుల పాలయ్యాను. మాది రాళ్లవాగు ప్రాథమిక పాఠశాల. గది ఒకటి, తరగతులు ఐదు, అన్నిటికీ కలిపి పంతులమ్మ ఒక్కతే.

ఆమె పేరు స్వరూప. పర్మనెంటు కాదు, విద్యా వాలంటీరు. వచ్చీ రాగానే నా మీద నిలువు గీతలు గీసి తరగతికో గడి పంచింది. పక్క గడిలోకి తొంగిచూసి రెండోవాళ్లు మూడోవాళ్ల ఎక్కాలు కూడా నేర్చేసేవారు. చివర్న జానెడు చోటు తనకు ఉంచుకుంది. బడి విడిచాక అక్కడ డీఎస్సీ పాఠాలు రాసుకుని, వల్లెవేసి, తుడిచేసేది. సర్కారు టీచరు కావాలని ఆమె ఆశ.

జీతం మాత్రం నెలల తరబడి జాడలేదు. పైవాళ్లు దానికి బదులన్నట్టు గోడంత టీవీ పంపారు. బడికి కరెంటు లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. వంట చేసే ఎల్లవ్వ దానికి బొట్టుపెట్టి దుప్పటి కప్పింది. నాకు నవ్వాగలేదు.

డీఎస్సీ పరీక్ష దగ్గర పడుతుండగా పట్నంలోని ప్రైవేటు బడి స్వరూపను పిలిచింది.

"పో బిడ్డా, ఆడ నెలనెలా జీతమన్న ఇస్తరు," అంది ఎల్లవ్వ.

"పొద్దుగూకేదాంక పని చేపిస్తరవ్వా. నా గడి నాకుండది," అంది స్వరూప, సుద్దముక్క తీస్తూ.

పాసయింది. ఉద్యోగం వేరే ఊళ్లో వచ్చింది. వెళ్లేముందు బొగ్గుపొడి, ఆకుపసరు కలిపి నాకు నలుపు రుద్దింది. సంతోషించాను, ఏడవాలనీ అనిపించింది.

తర్వాత తిరుమలేష్ సార్ వచ్చాడు. ఆయనా వాలంటీరే. చివరి గడిలో ఏదో రాయబోతే పిల్లలు ఒక్కసారిగా అరిచారు.

"అండ్ల రాయొద్దు సార్! అది మా టీచర్ది!"

సార్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నెలలు గడిచినా ఆయన జీతమూ రాలేదు. ఒక సాయంత్రం దిగాలుగా కూర్చున్నాడు. ఇక ఈయనా మానేస్తాడని భయపడ్డాను. ఐదో తరగతి లావణ్య గడపదాకా వెళ్లి, వెనక్కి వచ్చి, సుద్దముక్క ఆయన చేతిలో పెట్టింది.

"రాస్కోండి సార్. మా టీచర్ గిట్లనే పాసయింది."

ఇప్పుడు నాకు ఒక కాలు విరిగింది, ఇటుకల మీద నిలబడ్డాను. తిరుమలేష్ సార్ కూడా సర్కారు టీచరై వెళ్లిపోయాడు. నా దగ్గర టీచర్లు తయారవుతారు, నాకు మాత్రం మిగలరు. అయినా బాధ లేదు. ఇవాళ పొద్దున కొత్త పంతులమ్మ వచ్చింది. హాజరు కూడా వేయకముందే పిల్లలు ఆమెను చెయ్యి పట్టుకుని తెచ్చి, ముందు ఆ గడి చూపించారు.