మంచు గీకే చేతులు

రొయ్యలు దాచే గదిలో, చల్లబరిచే యంత్రం గొట్టాల మీద మంచు మళ్ళీ పేరుకుంది. ఎనేయిదా మీట కట్టేసి, గోరువెచ్చటి నీళ్ళు పోస్తూ చెక్క గరిటెతో గీకుతోంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. సముద్రం ఒడ్డున ఉన్న ఈ తుమాకో ఊరి గాలిలో చెమ్మ ఎక్కువ. ఒక్కపూట వదిలేస్తే మంచు ఫ్యాను రెక్కల్ని పట్టేస్తుంది, రొయ్యలు కంపుకొడతాయి. కొన్న కొత్తలో ఈ పని ఆ యంత్రమే చేసుకునేది. దానిలోని చిన్న గడియారం వేళకు చల్లదనం ఆపేది, తీగ వేడెక్కేది, మంచు కరిగి నీళ్ళు సన్నగా బయటికి కారిపోయేవి. ఏ మనిషినీ పిలిచేది కాదు. ఓ రోజు మొగుడు ఫిదెన్సియో "తీగ కాలిపోయింది, ఈ ఊళ్ళో దొరకదు" అన్నాడు. ఆ తీగ చాకిరీ ఎనేయిదా చేతుల్లోకి వచ్చిపడింది.

ఆ చేతుల సంగతి ఏం చెప్పేది! కొబ్బరిపాల అన్నం పొగలు కక్కుతున్నా వేళ్ళకు వేడి తెలియదు. తల్లి పోయినప్పుడు, ఆత్మను సాగనంపే తొమ్మిదో రాత్రి పాటలకు చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వెళ్ళారు, కన్నకూతురు ఒక్కతే వెళ్ళలేదు. "చచ్చినామె ఎక్కడికీ పోదు, రొయ్యలు పోతాయి" అన్నాడు ఫిదెన్సియో. ఆ రాత్రి పాటలు ఈమె ఒక్కతే గొట్టాలకు పాడుకుంది.

ఇప్పుడు కూతురు యెసేనియాకు నెలలు నిండాయి. నది ఎగువ ఊళ్ళో ఉంది. బిడ్డ పుట్టగానే అమ్మమ్మ దగ్గరుండి బొడ్డుకు ఏదో ఒక ప్రాణి పొడి అద్దడం ఇక్కడి ఆచారం. ఏ ప్రాణి పొడి అద్దితే దాని గుణమే బిడ్డకు వస్తుంది. మధ్యాహ్నం లాంచీ తప్పితే మళ్ళీ ఎప్పుడో.

"నువ్వెందుకే వెళ్ళడం?" అంది వాకిట్లో రొయ్యలు ఒలుస్తున్న అత్త క్లెమెన్సియా. "చీమపొడి పొట్లం కట్టాను, ఎవరిచేతైనా పంపు. నీకూ అదే అద్దారు, చూడు ఎంత పనిమంతురాలివో!"

ఎనేయిదా గీకుతూనే ఉంది. గరిటె జారి గడియారం డబ్బా మూత ఊడింది. లోపల తీగ కొత్తదానిలా మెరుస్తోంది. చివర్న నల్ల టేపు. ఫిదెన్సియో పడవ మోటారుకు చుట్టే టేపే.

"ఏమయ్యా, ఇది కాలలేదుగా!" అంది అప్పుడే గుమ్మంలోకి వచ్చిన ఫిదెన్సియోతో.

"ఆఁ, కాలలేదు. నేనే విప్పేశా. అది కరెంటు తాగుద్ది. నువ్వు తాగవుగా!" పకపకా నవ్వాడు. అత్త కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మరి మా అమ్మ..."

"మళ్ళీ మొదలెట్టావూ?"

తల్లి చావు, పాటలు, మొద్దుబారిన వేళ్ళు, ఇన్నేళ్ళ బతుకూ ఆ టేపు ముక్క కింద మడిచి పెట్టి ఉన్నట్టనిపించింది ఎనేయిదాకి. గరిటె బకెట్లో పడేసి, పొట్లమూ బట్టలమూటా తీసుకుని రేవు వైపు నడిచింది.

"ఏమే! మంచెవరు గీకుతారే?" అని వెనకనుంచి కేకేశాడు ఫిదెన్సియో.

"తీగ విప్పినోడివి నువ్వేగా, మళ్ళీ నువ్వే కట్టుకో!"

లాంచీ రేవు దాటాక ఎనేయిదా పొట్లం విప్పి, చీమపొడినంతా నదిలో దులిపేసింది. బిడ్డకు ఏం అద్దాలో ఆమెకింకా తెలియదు. చీమ మాత్రం కాదు.