ఎనభై అయిదు గ్రాములు

కిరాణా కొట్టు బల్ల మీద కాటా బోర్లా పడి ఉంది. దాని అడుగునున్న నాలుగు మరలూ ఊడదీసి, పోకుండా టీ సాసరులో వేసి, అతను టార్చిలైటుతో లోపలికి చూస్తున్నాడు. చూపు సగం కాటా పొట్టలో, సగం పక్కనే పెట్టుకున్న ఫోను మీద. భార్యకు డాక్టరమ్మ చెప్పిన కాన్పు తేదీ దాటి నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజుల్లో ఫోను మోగినప్పుడల్లా అతను చేతిలో పని వదిలేసి అందుకున్నాడు. మోగించిన వాళ్లలో ఇద్దరు చేపలవాళ్లు, ఒక పాతఇనుము కొట్టాయన, మిగతావన్నీ ఎవరికో చెయ్యబోయి ఇతనికి చేసినవి.

"బియ్యపు గింజ ఇరుక్కుంది. పన్నెండు గ్రాముల తేడా వస్తోంది" అన్నాడు, చిమటాతో గింజని బయటికి లాగుతూ.

"తేడా ఎటు? నా వైపా, జనం వైపా?" అన్నాడు కొట్టు యజమాని.

"నీ వైపే."

"మరి అంత తొందరేముందయ్యా, తీరిగ్గా తియ్యి."

ఊళ్లో అందరూ అతన్ని కాటాలాయన అంటారు. నలభై రెండేళ్లవాడు, బక్కపల్చటి మనిషి, కళ్లజోడుకు తాడు కట్టి మెడలో వేసుకుంటాడు. చిన్న మరలు తిప్పడానికని కుడి బొటనవేలి గోరు పెంచాడు. పధ్నాలుగో ఏట ఈ పనిలో చేరాడు. నేర్పిన గురువు పోతూ పోతూ తన రాళ్ల పెట్టె ఇతని చేతిలో పెట్టాడు. అయిదు కిలోల నుంచి ఒక్క గ్రాము దాకా ఇత్తడి రాళ్లు, ఒక్కోదానికీ మఖమలు వేసిన గుంట. వాటిని అతను ఎన్నడూ వట్టి చేత్తో ముట్టుకోలేదు. పెద్దవాటిని గుడ్డతో పట్టుకుంటాడు, చిన్నవాటిని చిమటాతో తీస్తాడు. చేతి చెమట అంటితే రాయి బరువు మారుతుందని గురువు మొదటిరోజే చెప్పాడు. చెప్పడమే కాదు, ముట్టుకోబోయినందుకు ఒకటి పీకాడు కూడా.

మొగ్గూ తప్పే, తరుగూ తప్పే అన్నది అతని సిద్ధాంతం. కూరగాయలావిడ ప్రేమకొద్దీ పదిగ్రాములు మొగ్గుగా వేసినా అతనికి నచ్చదు. చక్కెర పొట్లం అరచేతిలో పెడితే కళ్లు మూసుకుని బరువు చెబుతాడు, పది గ్రాములకు మించి తప్పడు. పైకి చెప్పడుగానీ, అతని గర్వమంతా అందులోనే ఉంది.

ఫోను మోగింది. అత్తగారు.

"అల్లుడుగారూ, కంగారు పడకండి. ఉమ్మనీరు పోయింది. ఆటో ఎక్కేశాం. మీరు తిన్నగా ఆస్పత్రికి వచ్చెయ్యండి."

కంగారు పడకండి అన్న మాట ఒక్కటే అతనికి వినబడలేదు. పన్నెండు కిలోల పెట్టె చంకన పెట్టుకుని గుమ్మం దాటేశాడు.

"ఇదిగో, నా కాటా!" అరిచాడు యజమాని.

"రేపు!"

"ఇవాళ సరుకు ఎలా అమ్మను?"

"చేత్తో తూచు!" అని వీధి మలుపు నుంచి వినబడింది.

ఆస్పత్రి వరండాలో నాలుగు కుర్చీలు, ఒక మంచినీళ్ల డ్రమ్ము, మూలన పసిపిల్లలను తూచే కాటా ఉన్నాయి. భార్యను అప్పటికే లోపలికి తీసుకెళ్తున్నారు. తలుపు మూసేలోపు ఆమె ఒకసారి ఇటు చూసి, "పెట్టె ఎందుకు తెచ్చారండీ?" అంది. నొప్పుల్లో కూడా నవ్వింది. పెళ్లయిన ఆరేళ్లకు వచ్చిన కాన్పు. ఆ నవ్వు చూసి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

అత్తగారు కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడ తన ఊళ్లో బడి గంట కొడుతుంది. ముప్పై ఏళ్లుగా పొద్దున్నే గేటు తీసి, ఊదారంగు నూలు శాలువా కప్పుకుని గంట కింద నిలబడే మనిషి. పన్నెండు రోజుల సెలవు పెట్టి కూతురి కాన్పుకు వచ్చింది. అల్లుడూ అత్తా ఆరేళ్లలో మాట్లాడుకున్న మాటలన్నీ కలిపి ఒక కాగితం మీద రాయవచ్చు. ఎండ ఎక్కువగా ఉందంటే ఉందనుకునేవాళ్లు, భోంచేశారా అంటే చేశామనుకునేవాళ్లు. ఒకరంటే ఒకరికి మర్యాద, కొంచెం భయం.

పదకొండయింది. పన్నెండయింది. లోపలి నుంచి మూలుగు వినబడినప్పుడల్లా అతను లేచి నిలబడడం, అత్తగారు కూర్చోమని చెయ్యి ఊపడం. ఒంటిగంటకు ఇక ఉండబట్టలేకపోయాడు. గుడ్డతో రెండు కిలోల రాయీ ఒక కిలో రాయీ తీసి, మూలనున్న కాటా మీద పెట్టాడు. మూడు కిలోల అరవై గ్రాములు చూపించింది. తీసి మళ్లీ పెట్టాడు. అంతే.

"ఎవరండీ అది? ఏం చేస్తున్నారక్కడ?" పొట్టి నర్సు గట్టిగా అరిచింది.

"సిస్టర్, ఇది అరవై గ్రాములు మొగ్గు చూపిస్తోంది."

నర్సు ఆగింది. "మీరు కాటాలు చూస్తారా? మూణ్ణెల్లుగా రాసి పంపుతున్నాం, ఒక్కడూ రాలేదు. చూసి పెట్టండి బాబూ, పుణ్యముంటుంది."

అలా గడిచింది ఆ మధ్యాహ్నం. భార్య లోపల నొప్పులు పడుతుంటే భర్త బయట నేల మీద బాసింపట్టు వేసుకుని కాటా విప్పాడు. నొప్పి పెరిగిన కేక వినబడితే మర జారిపోయేది. వెతికి తీసి మళ్లీ బిగించేవాడు. అత్తగారు తనకు తెలియకుండానే కుర్చీలోంచి దిగి, టార్చిలైటు పట్టుకుంది. నాలుగింటికి మూడు కిలోల రాళ్లు పెడితే కాటా మూడు కిలోలే అంది. నాలుగున్నరకు లోపల చిన్న గొంతు ఒకటి, ముందు పిల్లికూతలా, తర్వాత ఆస్పత్రి అదిరిపోయేలా ఏడ్చింది.

"ఆడపిల్ల! ఇద్దరూ బావున్నారు!" అంటూ నర్సు గుడ్డలో చుట్టిన ఎర్రటి ముద్దను పట్టుకొచ్చింది. గుడ్డ విప్పి కాటా మీద పడుకోబెట్టింది. అతను కళ్లజోడు సర్దుకుని వంగాడు. అంకెలు పైకీ కిందికీ ఊగి ఆగాయి.

రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు.

"సరిగ్గా ఉంది!" అని అరిచాడు. తన చేతులతో సరిచేసిన కాటా మీద తన బిడ్డ తూగింది. లోకంలో ఎంతమంది తండ్రులకు దక్కుతుంది ఆ భాగ్యం? నర్సు బిడ్డను అందించబోతే మాత్రం రెండడుగులు వెనక్కి వేశాడు. "చేతులకు నూనె ఉంది సిస్టర్. అత్తయ్యకివ్వండి."

మూడోరోజు ఇంటికొచ్చారు. ఇల్లంతా ఉతికిన గుడ్డలు, వేణ్నీళ్ల ఆవిరి, అర్థంకాని ఏడుపులు. పిల్ల ఎందుకు ఏడుస్తోందో ముగ్గురూ మూడు కారణాలు చెప్పేవాళ్లు. పిల్ల మూడూ కాదన్నట్టు ఇంకాస్త ఏడ్చేది. ఆ సాయంత్రం అతను పెద్ద పళ్లెమున్న కాటా ఒకటి బల్ల మీద పెట్టి, నీటి బుడగ చూసి మట్టం సరిచేసి, బిడ్డను పడుకోబెట్టమన్నాడు.

"స్టీలు పళ్లెం చల్లగా ఉంటుంది" అంది అత్తగారు. లోపలికెళ్లి తన ఊదారంగు శాలువాను కత్తెరతో సగానికి కోసి, అంచు కుట్టి, నాలుగు మడతలు పెట్టి పళ్లెంలో పరిచింది.

"గుడ్డ బరువు కలుస్తుందత్తయ్యా."

"తీసెయ్యండి. లెక్కలు వచ్చుగా మీకు."

గుడ్డను తూచాడు. ఎనభై అయిదు గ్రాములు. ఒక మీట నొక్కితే కాటాయే ఆ బరువు తీసేసుకుంటుంది గానీ, ఆ మీటంటే అతనికి గిట్టదు. ఏది ఎంతో కళ్లతో చూసి, నోటితో తీసివేయాలి. అత్తగారు బిడ్డను పడుకోబెట్టింది. అతను తీసివేశాడు. రెండు కిలోల ఏడు వందల ఇరవై.

మళ్లీ తీసివేశాడు. అంతే వచ్చింది.

నాలుగోరోజు పొద్దున రెండు ఆరువందల ఎనభై. పుట్టిన బరువు పక్కన రాసి చూసుకున్నాడు. నాలుగు రోజుల పిల్ల, రెండువందల ఇరవై గ్రాముల తరుగు! "పాలు చాలడం లేదేమో" అనేశాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు. భార్య గోడవైపు తిరిగి, దిండులో మొహం దాచుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"అందరు పిల్లలూ మొదట్లో తగ్గుతారండీ. ఇదీ తగ్గింది పుట్టినప్పుడు" అంది అత్తగారు కూతుర్ని చూపిస్తూ. అతని తలకెక్కలేదు. అతనికి ఒకే ఒక్క ఆశ మిగిలింది. ఆస్పత్రి కాటా తప్పై ఉండాలి. ఆ రోజు కంగారులో మర సరిగ్గా బిగించి ఉండడు. బిడ్డ అసలు పుట్టిందే రెండు ఏడొందలతో అయి ఉండాలి. పెట్టె చంకన పెట్టి పరుగెత్తాడు. దారిలో కిరాణా యజమాని "నా కాటా!" అన్నాడు. ఇతను తల తిప్పలేదు.

వరండాలో గుడ్డతో అవే రెండు రాళ్లు తీసి, ఆస్పత్రి కాటా మీద పెట్టాడు. మూడు కిలోలు. ఒక కిలో రాయి ఒక్కటే ఉంచాడు. ఒక కిలో. వంద, యాభై, ఇరవై, చివరికి పది గ్రాముల బిళ్ల కూడా పెట్టి చూశాడు. అన్నింటికీ కాటా నిజమే చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్ల పనిలో, ఒక కాటా సరిగ్గా ఉన్నందుకు అతను ఏడవడం అదే మొదలు.

పొట్టి నర్సు వచ్చి సంగతి విని నెత్తి కొట్టుకుంది. "ఇంతేనా? పుట్టిన పిల్లలు ఒంట్లో నీరు తీసి తగ్గుతారండీ, మళ్లీ పది పధ్నాలుగు రోజులకు ఎక్కుతారు. రోజుకు ఎన్ని గుడ్డలు తడుపుతోంది?"

"లెక్కపెట్టలేదు."

"చూశారా, లెక్కపెట్టాల్సింది పెట్టలేదు! పాలు రెండేసి గంటలకు పట్టించమనండి. గుడ్డలు తడుస్తుంటే దిగుల్లేదు. తడవకపోయినా, పిల్ల మగతగా ఉన్నా వెంటనే తీసుకురండి. రేపెలాగూ ఒకసారి చూపించండి. మీ ఆవిణ్ణి మాత్రం ఏమీ అనకండి."

"అనేశాను."

"అయితే వెళ్లి కాళ్లు పట్టుకోండి" అంది నర్సు.

కాళ్లు పట్టుకోలేదు గానీ, మంచం పక్కన నేల మీద కూర్చుని, "నాది తప్పు" అన్నాడు. అతని నోట ఆ మాట ఎవరూ విని ఉండరు. భార్య ఇటు తిరిగి, "ఎంత తప్పారు?" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఆ రోజు సాయంత్రానికి అయిదు గుడ్డలు తడిశాయి. తడిసిన ప్రతి గుడ్డనూ అతను పండగలా చాటింపు వేశాడు.

అయిదోరోజు పొద్దున మళ్లీ కాటా దగ్గర నిలబడ్డాడు. అత్తగారు బిడ్డతో వచ్చింది గానీ పళ్లెంలో పెట్టలేదు.

"పిల్లను తూచారు, గుడ్డను తూచారు, లెక్క రాశారు. అయిదు రోజులైంది. ఒక్కసారైనా పిల్లను ఎత్తుకున్నారా?"

అతను తల దించుకున్నాడు. అప్పటిదాకా అతనికే తట్టలేదు ఆ సంగతి. "నా చేతులు... అంటితే..." అన్నాడు. అరచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"అంటనియ్యి. ఎత్తుకో నాన్నా" అంది ఆవిడ. ఆరేళ్లలో మొదటిసారి నువ్వు అంది. "మెడ కింద చెయ్యి పెట్టు. అదీ. బిగుసుకోకు, రాయి కాదది."

వెచ్చగా ఉంది. కదులుతోంది. పుట్టి బుద్ధెరిగాక ఎన్ని వేల బరువులు ఎత్తాడో, ఒక్కటీ తిరిగి అతని వేలిని పట్టుకోలేదు. అతని కళ్లజోడు మసకబారింది.

"కళ్లు మూసుకుని చెప్పండి చూద్దాం, అంత మొనగాళ్లయితే" అంది భార్య మంచం మీంచి.

మూసుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. "రెండు కిలోల ఏడొందల యాభై!"

పళ్లెంలో పెట్టారు. గుడ్డ తీసేస్తే రెండు ఏడొందల పది. నిన్నటికన్నా ముప్పై గ్రాములు పెరిగింది! ముగ్గురూ ఒక్కసారే అరిచారు, పిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది.

"నలభై గ్రాములు తప్పారు" అంది భార్య, ఆ గోలలో. "పది దాటదుగా ఎప్పుడూ?"

"మొగ్గు వేశాడే పిల్లకి" అంది అత్తగారు.

అతను కాదనలేదు.

ఆ పైన రోజులు ఉరుకులు పరుగుల మీద గడిచాయి. కిరాణా కాటా బాగైంది. అతను పని నుంచి వస్తూనే చేతులు కడుక్కుని పిల్లను ఎత్తుకునేవాడు, తూచడం తర్వాత. బొటనవేలి గోరు పిల్లకు గీసుకుంటుందని కత్తిరించేశాడు. చిన్న మరలకు ఇప్పుడు వేరే పనిముట్టు వెతుక్కోవాలి.

పదకొండోరోజు తెల్లవారుతుండగా అత్తగారు సంచి సర్దుకుంది. మర్నాడు బడి, గంట కొట్టాలి. నిద్రపోతున్న కూతురి జుట్టు సవరించింది, పిల్ల పాదం ఒకసారి అరచేతిలో పెట్టుకుని వదిలింది. అతను సంచి పట్టుకుని బస్సు దాకా వెళ్లాడు. గాలి చల్లగా ఉంది. ఆవిడ భుజాల మీద సగం శాలువా ఇటు కప్పితే అటు చాలడం లేదు.

"కొత్తది కొనిస్తానత్తయ్యా."

"ఇది చాల్లే. గంట కొట్టే చెయ్యి ఎలాగూ బయటే ఉండాలి." బస్సెక్కి కిటికీలోంచి వంగింది. "పడుకోబెట్టేముందు గుడ్డ వెచ్చగా ఉందో లేదో చూసుకో. ఇక వెళ్లు, పిల్ల లేస్తుంది."

బస్సు కదిలింది. ఇంకేమైనా చెప్పి ఉండాల్సిందని అతనికి బస్సు మలుపు తిరిగాక తోచింది.

ఇంటికొచ్చేసరికి పిల్ల లేచింది. పాలయ్యాక, గుడ్డను చేత్తో రుద్ది వెచ్చచేసి, పడుకోబెట్టాడు. తీసివేశాడు. మళ్లీ తీసివేశాడు. "రెండు తొమ్మిదొందల పది!" అని కేక వేశాడు. "పుట్టిన బరువు దాటేసిందే! అత్తయ్యా..." అని వంటింటివైపు తిరిగి, ఆగిపోయాడు.

భార్య చేతులు చాపింది. అతను పిల్లను ఎత్తి, ఒక క్షణం గుండెకు ఆనించుకుని, ఆమెకిచ్చాడు. కాటా ఆపడానికి వెనక్కి వచ్చి, మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా తీసేశాడు. పళ్లెంలో ఊదారంగు శాలువా ముక్క, నాలుగు మడతలు, అంచున చేతికుట్టు, మధ్యలో పిల్ల పడుకున్నంత మేర చిన్న పల్లం. పక్కన ఎర్రటి అంకెలు కాసేపు ఊగి, ఎనభై అయిదు దగ్గర నిలబడ్డాయి.