వెనక మూత

అత్తగారి కుట్టు మిషను చిన్నకోడలి గదిలోకి వెళ్ళిన రోజు పెద్దకోడలు కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. అందరూ అలాగే తినేశారు. ఆమె మొహం చూశాక కూర గురించి మాట్లాడే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అది కాలితో తొక్కే పాతకాలపు మిషను. నల్లటి ఒళ్ళు, దానిమీద చేతులు రాసుకుని అరిగిపోయిన బంగారు రంగు తీగల బొమ్మలు. తిన్నటి కుట్టు తప్ప మరో విద్య రాదు. వెనక్కి కూడా కుట్టదు. "అచ్చం మీ మామగారే, వెనక్కి తగ్గడమన్నది లేదు" అనేది అత్తగారు.

కాపురానికి వచ్చినప్పటినుంచి దాని ఆలనాపాలనా పెద్దకోడలిదే. గుడ్డను ముందుకు లాగే పళ్ళ కింద పేరుకున్న నూగు కుంచెతో దులపడం, బెల్టు వదులైతే ఓ పిసరు కత్తిరించి మళ్ళీ కొక్కెం తగిలించడం, కన్నం కన్నానికీ చుక్క మిషను నూనె వేసి, పాత గుడ్డమీద వట్టి కుట్లు వేసి కారిన నూనెను పీల్పించడం, అన్నీ ఆమే. అత్తగారికి చూపు తగ్గి, సూదిలో దారం ఎక్కించలేని స్థితి వచ్చినప్పుడు, ఇక మిషను ఎవరిదన్న ప్రశ్నే లేదనుకుంది.

నిజమే, ప్రశ్న లేదు. అత్తగారు ఎవర్నీ అడక్కుండా చిన్నకోడలికి ఇచ్చేసింది.

"నీకు కుట్టడం వచ్చుగా పెద్దదానా. దానికీ రావాలిగా" అంది పైగా.

'రానివాళ్ళకే ఇచ్చేట్టయితే వంటిల్లు మీ అబ్బాయికివ్వండి' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆ అబ్బాయి మాత్రం ఊరుకోలేదు.

"ఇనప ముక్క కోసం ఇంత రాద్ధాంతమా?" అన్నాడు టీవీ చూస్తూ.

"మీ చేతిలో ఉన్నది ప్లాస్టిక్ ముక్కేగా. మీ తమ్ముడికిచ్చి రండి, చూద్దాం."

ఆయన రిమోటును తొడకింద దాచుకున్నాడు.

అప్పట్నుంచి ఆమె చేతులు వంటింట్లో, చెవులు పక్కగదిలో. గోడకవతల టకటకమంటూ మిషను. ఆ చప్పుడు వింటే చాలు, ఏ గుడ్డ కుడుతోందో, ఎక్కడ మలుపు తిప్పుతోందో తెలిసిపోయేది. చిన్నది రెండు దిండు గలీబులు కుట్టి తెచ్చి, "మొదటివి నీకే అక్కా" అంది. పెద్దకోడలు వాటిని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక్క కుట్టు తప్పితే ఒట్టు. ఆ గలీబు తొడిగిన దిండుమీద ఆమెకు నిద్ర పట్టలేదు.

ఓ మధ్యాహ్నం ఆ గది ముందునుంచి వెళ్తుంటే చిన్నది చెంచా పట్టుకుని మిషనుమీదికి వంగి ఉంది. పక్కన వంటనూనె సీసా.

"కిర్రుమంటోందక్కా. నూనె వేస్తున్నా."

వంటనూనె పోస్తే నాలుగు రోజులు హాయిగా తిరిగి, ఆనక జిగురులా బిగిసిపోతుందని పెద్దకోడలికి తెలుసు.

"వెయ్యి" అంది.

వెళ్ళి బట్టలు మడత పెట్టుకుంది. మనసుకు తేలిగ్గానే ఉంది, తియ్యడం మర్చిపోయిన గుండుసూది ఎక్కడో గుచ్చుకుంటున్నట్టు ఉండడం తప్ప.

వానలు వెలిసేసరికి పక్కగదిలో టకటక కాస్తా ఈడ్పు అయింది, ఆ తర్వాత అదీ ఆగిపోయింది. రెండు చేతులతో తిప్పినా చక్రం కదలదు. చిన్నది రిపేరు మనిషిని పిలిపించింది. అతను మూత కూడా విప్పకుండానే, "వయసైపోయిందమ్మా. పాత ఇనుము కింద అమ్మేసి మోటారుది కొనుక్కోండి" అని చెప్పి టీ తాగి వెళ్ళాడు.

"రేపు బండి వస్తుందట అక్కా" అంది చిన్నది, ముక్కు ఎగబీలుస్తూ.

తనకు దక్కనిది ఇంకొకరికీ దక్కకపోతే తియ్యగా ఉంటుందనుకుంది పెద్దకోడలు. తీరా చూస్తే చేదుగా ఉంది. కొంగు బిగించి దోపింది.

"ఏడుపు తర్వాత. కిరసనాయిలు తే. పాత గుడ్డలు తే."

కన్నాల్లో కిరసనాయిలు పోసి, చక్రాన్ని పసిబిడ్డ ఉయ్యాలలా ఇటో పిసరు, అటో పిసరు ఊపుతూ కూచుంది. సందుల్లోంచి గోధుమరంగు జిగురు ఊరింది.

"వంటనూనె వేస్తే ఇలా అవుతుందా?" అంది చిన్నది. అంతలోనే ఆగింది. "ఆ రోజు నువ్వు చూశావు కదూ?"

"చూశాను."

"చూసి?"

"ఊరుకున్నాను."

"మిషను నాకిచ్చారనా?"

"కాదు, నీ వంట నచ్చి."

చిన్నదానికి నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమూ వచ్చింది. "ఒక్కమాట అడిగి ఉంటే నేనే నీ గదిలోకి తోసేదాన్ని."

"అయితే ఇప్పుడు తొయ్యి."

"ఇప్పుడు తొయ్యను."

సాయంత్రానికి చక్రం గిర్రున తిరిగింది. చిన్నది జిడ్డు చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే పెద్దకోడలు మిషను వెనకనున్న గుండ్రటి రేకు మూతను పక్కకు జరిపి, లోపల మిషను నూనె వేసి, మూత మూసేసింది. చిన్నది తిరిగొచ్చాక పైనా కిందా ఉన్న కన్నాలన్నీ ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించింది.

"ఇంతేనా అక్కా?"

"ఇంతే."

కొన్నాళ్ళకు మళ్ళీ బరువెక్కుతుంది. మళ్ళీ పిలుస్తారు. ఆ మాత్రం వాటా తనకు ఉండొద్దూ?

బయటికి రాగానే మంచంమీదినుంచి అత్తగారు చెయ్యి ఊపి దగ్గరికి రమ్మంది.

"చప్పుడు బాగుందే. వెనక మూత తీశావా?"

పెద్దకోడలు ఉలిక్కిపడింది. ఆ మూత సంగతి అత్తగారు ఆమెకు ఏనాడూ చెప్పలేదు. ఓసారి మిషను తుడుస్తుంటే తనే కనిపెట్టింది.

"తీశాను."

"దానికి చెప్పావా?"

"మీరు నాకు చెప్పారా?"

అత్తగారు పక్కగది వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"చెప్పకు. చెప్పేస్తే ఇంక మనల్ని పిలిచేదెవరే?"